కాలు కింద పెట్టని బండి: సైడ్‌కార్ బుల్లెట్‌తో నాలుగేళ్లు

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతున్నాం. ఒక మలుపులో లారీ మొరాయించింది. దాని వెనుక మరో పదిహేను లారీలు బారులు తీరాయి. సన్నటి తుంపర, ఏటవాలు రోడ్డు, తారు మీద డీజిల్ మరకలు. నా ముందు ఇద్దరు కుర్రవాళ్లు, ఒక్కొక్కరిదీ నాలుగైదు లక్షల బండి. ఒక కాలు నేలకు తన్నిపెట్టి, ఇంకో కాలితో బ్రేకు తొక్కి, రెండడుగులు కదలడం, మళ్లీ తన్నిపెట్టడం. బూటు కింద డీజిల్ జారినప్పుడల్లా వాళ్ల భుజాలు బిగుసుకోవడం నాకు వెనుక నుంచి తెలుస్తూనే ఉంది. నేను ఇంజను ఆపి, బండిని మొదటి గేరులో వదిలి, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టుకుని కూర్చున్నాను. బండికి పక్కన బిగించిన ఒంటి చక్రపు సీటు, అదే సైడ్‌కార్‌లోంచి, మా ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించింది. ముప్పావు గంట. కాలు ఒక్కసారి కూడా కింద మోపలేదు.

ఈ బండి గురించి నాకు చెప్పాలని ఉన్నది ముఖ్యంగా ఇదే. మిగిలిన దానిలో కొంత కొసరు, కొంత ఈ సుఖానికి కట్టిన సుంకం.

మాది ఒడిశాలోని రాయగడ. అయిదేళ్ల కిందట గుణుపురం వెళ్లే దారిలో కంకర మీద బండి జారి ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు బండి మానమనలేదు. ‘‘నడపండి, కానీ దాని బరువు ఆ కాలి మీద పడనివ్వకండి’’ అన్నారు. రెండు చక్రాల బండితో ఈ రెండూ కలిపి ఎలా పాటించాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. దాదాపు 190 కిలోల బుల్లెట్ పరుగెత్తేటప్పుడు ఎంత బరువుందో తెలియదు. ఆగిన క్షణాన ఆ బరువంతా మన కాలిని వెతుక్కుంటూ వస్తుంది. రైల్వే గేటు, గొర్రెల మంద, చెక్‌పోస్టు, పెళ్లి ఊరేగింపు, దారిలో ఏది అడ్డం వచ్చినా గుండె ముందు మోకాలు దడదడలాడేది. ఏడాది పాటు బండి మీద దుప్పటి కప్పి ఉంచాను. తరువాత ఒకరి దగ్గర వాడిన సైడ్‌కార్ దొరికింది. బిగింపు, అనుమతి, రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పు, ఆ తిరుగుళ్ల కథ ఇక్కడ వద్దు.

ఒక మాట మాత్రం చెప్పాలి. మూడు చక్రాలు ఉన్నంత మాత్రాన ఈ సుఖం వస్తుందనుకోకండి. 2018లో అమ్మకానికి వచ్చిన యమహా నికెన్‌కు ముందు రెండు చక్రాలున్నాయి, కానీ అది మలుపుల్లో మామూలు బండిలాగే వంగుతుంది, ఆగినప్పుడు కాలు పెట్టకపోతే మామూలు బండిలాగే పడుతుంది. అలాంటిదే మూడు చక్రాల స్కూటరు పియాజ్జో ఎంపీ3కి ఆ వంపును ఆగినప్పుడు బిగించే ఏర్పాటు ఉంది. సైడ్‌కార్‌కు ఆ గొడవే లేదు. అది వంగదు, పడదు. నాకు కావలసింది అదే.

నాలుగేళ్లలో 31 వేల కిలోమీటర్లు తిరిగాం. పర్లాకిమిడి, తప్తపాణి మీదుగా గోపాలపురం, పూరీ, దేవమాలి కొండ, జయపురం, మల్కన్‌గిరి మీదుగా రెండుసార్లు భద్రాచలం. గంటకు 45, మహా అయితే 50. నేర్చుకోవడానికి నెల పట్టింది. సైడ్‌కార్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ తిప్పితే బండి ఎడమకు గుంజుతుంది. నా సైడ్‌కార్ చక్రానికి బ్రేకు లేదు కాబట్టి బ్రేకు వేస్తే కుడికి, అంటే ఎదురుగా లారీలు వచ్చే వైపుకు తిరగబోతుంది. ఎడమ మలుపులో ఖాళీ సైడ్‌కార్ గాలిలోకి లేస్తుంది. మొదటి వారంలోనే మజ్జిగౌరి గుడి దారిలో అలా ఒక జానెడు లేచింది. ఆ రోజు గుడికి వెళ్లాలన్న ఉద్దేశం లేకపోయినా వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చాను. మా వీధి చివర ఆటో నడిపే అతను అది చూసి, ‘‘ఖాళీగా తిప్పకండి బాబూ, అమ్మగారు లేనప్పుడు ఒక బస్తా వేసుకోండి’’ అన్నాడు. అప్పటి నుంచి మా ఆవిడ రాని ప్రయాణాలకు చాటికొన బుధవారం సంతలో కొన్న చోళ్ల (రాగుల) బస్తా వచ్చేది. ముప్పై కిలోలు. నాలుగు నెలలు తిరిగాక పురుగు పట్టిందని ఇంట్లో పెద్ద గొడవ జరిగి ఇప్పుడు ఇసుక బస్తా వాడుతున్నాను.

ఇక బండ్లవాళ్ల సంగతి. దేవమాలి కొండ మీద సూర్యోదయం చూడటానికి విశాఖ నుంచి వచ్చిన ఒక బృందం నన్ను కూడా కలుపుకుంది. 1672 మీటర్ల కొండ, ఒడిశాలో అంతకన్నా ఎత్తయినది లేదు. మర్యాదగల పిల్లలే. ‘‘అంకుల్, మీరు చివర రండి, మా గుడారాలు కూడా మీ దాంట్లో వేస్తాం’’ అన్నారు. వేశారు. పొట్టంగి దగ్గర టీ తాగేటప్పటికి నా పేరు ‘సామాన్ల బండి అంకుల్’ అయిపోయింది. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు వాళ్లలో ఒకడు, ఏ వెటకారమూ లేకుండానే, ‘‘మలుపులో వంగని బండి నడపడం మోటార్ సైకిల్ నడపడం కాదంకుల్, అది ఆటో నడపడమే’’ అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

ఇంటికి వచ్చాక వెతికాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటార్ సైకిల్ అంటే ఏమిటో చెప్పేచోటే, ఊడదీయడానికి వీలైన సైడ్‌కార్, దాని అదనపు చక్రంతో సహా, ఆ మాటలో కలిసే ఉంటుందని రాసి ఉంది. ఆ వాక్యం ఫోనులో దాచుకున్నాను. చెక్‌పోస్టుల్లో రెండుసార్లు పనికివచ్చింది, బండ్లవాళ్ల దగ్గర ఒక్కసారి కూడా పనికిరాలేదు. అదే చట్టంలో మా ఆవిడకు కావలసినది కూడా ఉండేది. సైడ్‌కార్‌లో కూర్చున్నవాళ్లకు హెల్మెట్ నుంచి మినహాయింపు. 2019 సవరణలో అది పోయింది. ఆవిడ ఇప్పటికీ ఆ సవరణను నేనే చేయించినట్టు చూస్తుంది.

ఆటోవాళ్లు మాత్రం ఏ చట్టమూ చూడకుండానే నన్ను కలుపుకున్నారు. రాయగడ స్టేషను బయట మా ఆవిడను దించడానికి ఆగితే, ‘‘వరసలో పెట్టండి, సవారీ దొరికితే అలా ముందుకొచ్చేస్తారా?’’ అని ఒకతను గద్దించాడు. నిజంగానే గద్దించాడు. మరొకళ్లున్నారు. పోలియో వచ్చిన కాళ్లతో, స్కూటరుకు వెనుక రెండు చక్రాలు అదనంగా వేయించుకుని తిరిగేవాళ్లు. ఈ జిల్లాలో ఏ రోడ్డు మీద ఎదురైనా వాళ్లు నాకు చెయ్యి ఎత్తకుండా పోలేదు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. నాకేమీ లేదు, ఉత్త మోకాలే కదా అనుకునేవాణ్ణి. గుణుపురంలో పెట్రోలు బంకు దగ్గర ఒకాయన నా బండి చుట్టూ తిరిగి చూసి, ‘‘ఎత్తు రోడ్డు మీద ఆగితే వెనక్కి జారదా?’’ అని అడిగారు. నాలుగేళ్లలో ఒక బండి నడిపేవాడు నన్ను అడిగిన మొదటి సరైన ప్రశ్న అది. అరగంట మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేనే ముందుగా చెయ్యి ఎత్తుతున్నాను.

ఈ బండి నన్ను నడిరోడ్డు మీద వదిలేసింది ఒక్కసారే. రెండోసారి భద్రాచలం నుంచి తిరిగి వస్తున్నాం. రాత్రి మల్కన్‌గిరిలో ఆగి పొద్దున్నే బయలుదేరాం. గోవిందపల్లి ఘాటీలో ‘టిక్’ మని చిన్న చప్పుడు. ‘‘ఏదో తెగింది’’ అంది మా ఆవిడ. రాయి ఎగిరి ఉంటుందన్నాను. రెండు మలుపుల తరువాత మళ్లీ ‘టిక్’. మళ్లీ చెప్పింది, మళ్లీ రాయే అన్నాను. ఆవిడ కూర్చునే చోటికి వెనుక చక్రం చేతికి అందేంత దగ్గర. నేను ఎత్తు మీద కూర్చుని గాలి చప్పుడు వింటుంటాను, ఆవిడకు చక్రం చప్పుడు వినిపిస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు మూడేళ్లుగా తట్టలేదు. మూడోసారి ఆవిడ చెప్పలేదు. ‘‘ఆపండి. చక్రం నాట్యమాడుతోంది’’ అంది.

ఆపి చూస్తే వెనుక చక్రానికి పదకొండు స్పోకులు తెగి ఉన్నాయి. మెకానిక్కులు పుల్లలు అంటారు వాటిని, ఆ పూట నిజంగా పుల్లల్లాగే ఉన్నాయి. మిగిలిన వాటిలో సగం వేలితో కదిలిస్తే కదులుతున్నాయి. నా దగ్గర ట్యూబు ఉంది, క్లచ్ వైరు ఉంది, బల్బులున్నాయి. స్పోకులు లేవు.

పావుగంటకు నాలుగు పెద్ద బళ్లు వచ్చి ఆగాయి. దిగారు, చూశారు, ఫొటోలు తీసుకున్నారు. ఒకతను చైనుకు కొట్టే నూనె డబ్బా ఇవ్వబోయాడు. ఇంకొకతను వంగి చక్రం పట్టుకుని ఊపి చూసి, చీకటి పడేలోగా జగదల్‌పూర్ చేరాలని నొచ్చుకుంటూ చెప్పాడు. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల చక్రాలు అచ్చుపోసిన లోహపువి, ఈ జబ్బు వాళ్లకు తెలిసే అవకాశం లేదు. వెళ్లేటప్పుడు రెండు నీళ్ల సీసాలు, ఒక బిస్కెట్ పొట్లం మా ఆవిడ ఒళ్లో పెట్టి వెళ్లారు.

తరువాత వచ్చింది ఆటో. బైపారిగుడ నుంచి ఎవరినో దించి తిరిగి వెళుతున్నాడు. ఇద్దరం ఇంజను కింద రాళ్లు పేర్చి చక్రం విప్పాం. అతను చక్రాన్ని ఆటోలో పడుకోబెట్టి, తెగిన పుల్లలను చూసి, తెలుగు ఒడియా కలిపి అన్న మాట నేను మరిచిపోలేను. ‘‘ఆజ్ఞా (అయ్యా), మూడు చక్రాల బండికి పుల్లల చక్రం పెట్టినవాడెవడు? మా దానికి చూడండి, రేకు చక్రం.’’

అతను ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం నాకు బైపారిగుడ సైకిల్ షాపు బల్ల మీద కూర్చున్న నాలుగు గంటల్లో నెమ్మదిగా అర్థమైంది. రెండు చక్రాల బండి మలుపులో వంగుతుంది కాబట్టి బరువు చక్రం నిలువునే దిగుతుంది. స్పోకులు ఆ బరువు కోసమే పుట్టాయి. వంగని బండిలో మలుపు బలమంతా చక్రాన్ని పక్కకు తోస్తుంది. ఘాటీలో వంద మలుపులంటే స్పోకులకు వంద అడ్డదెబ్బలు. అంటే సుంకి ఘాటీలో నేను కాలు పైన పెట్టుకుని టీ తాగింది దేని పుణ్యమో, గోవిందపల్లి ఘాటీలో రాళ్లు మోసింది కూడా దాని పుణ్యమే. దేవమాలి మంట దగ్గర ఆ పిల్లవాడు అన్నది సగం నిజం. పూర్తి నిజం అతనికి కూడా తెలిసి ఉండదు.

సైకిల్ షాపు ముసలాయన వేరే బండి స్పోకులు కోసి, మరలు కోసి, ఒక్కొక్కటే బిగించి, చక్రాన్ని తిప్పుతూ కళ్లతోనే వంకర తీశాడు. జయపురం దాకా వస్తుందన్నాడు. రాయగడ దాకా వచ్చింది. తరువాత లావు స్పోకులు వేయించాను. ఇప్పుడు రోజూ బయలుదేరే ముందు స్పానరుతో ఒక్కొక్క స్పోకునూ తట్టి వింటాను. అన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. మొద్దుగా పలికితే అది వదులైనట్టు. ఈ పరీక్ష ఇప్పుడు నాకన్నా మా ఆవిడే బాగా చేస్తుంది.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ సైడ్‌కార్ అంటే ఆడవాళ్లకు మహారాజ వైభోగమని చెప్పేవాణ్ణి. ఆ మాట కొంత తగ్గించుకోవాలి. ఆవిడ దాన్ని తొట్టె అంటుంది. కాళ్లు చాపుకోవచ్చు, నిద్రపోవచ్చు, నడుము నొప్పి లేదు, నిజమే. కానీ కూర్చున్న ఎత్తు వీధి కుక్క మూతి ఎత్తు, లారీ చక్రం ఎత్తు. దుమ్ము ముందు ఆవిడకు, తరువాత నాకు. రెండు చక్రాల బండి మీద గుంతను తప్పించవచ్చు. ఇక్కడ మూడు చక్రాలు మూడు దారుల్లో నడుస్తాయి, ఏదో ఒకటి గుంతలో పడుతుంది, ఎక్కువసార్లు ఆవిడదే. వెనక్కి వెళ్లే గేరు లేదు. రష్యన్ ఉరల్ బళ్లకు ఉంటుంది, నాది వట్టి బుల్లెట్. సందులో ఇరుక్కుంటే ఆవిడ దిగి తొయ్యాలి. లీటరుకు 35 వచ్చే మైలేజీ 24కు దిగింది. వెనుక టైరు తొమ్మిది వేలకే అరిగిపోతోంది.

కొనమంటావా అని మా బావమరిది అడిగాడు. అతని మోకాళ్లు బాగున్నాయి, సెలవులు తక్కువ, ఎవరైనా తనను దాటి వెళితే ఓర్చుకోలేడు. వద్దన్నాను. నాకు ఆఫీసు తొందర లేదు, ఎదురుగా కొండలున్నాయి, చక్రం చప్పుడు వినే మనిషి పక్కనే ఉంది. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా నేను ఈ బండి ఉంచుకునేవాడినా అంటే గట్టిగా చెప్పలేను.

పోయిన నెల డాక్టరు మోకాలు చూసి, పూర్తిగా కుదిరింది, ఇక మామూలు బండి కూడా నడపవచ్చన్నారు. ఆ సాయంత్రమే పక్కింటి కుర్రవాడి బండి తీసుకుని బయటికి వెళ్లాను. మొదటి మలుపులో వంగడానికి భయం వేసింది, రెండో మలుపులో వంగాను, మూడో మలుపుకు ఒళ్లంతా పులకరించింది. దేవమాలి కొండ దగ్గర ఆ పిల్లవాడి మీద ఎందుకు కోపం తెచ్చుకున్నానా అనిపించింది. అలా తేలిపోతూ వెళ్లి రైల్వే గేటు దగ్గర ఆగాను. హాయిగా ఆగాను. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీదే ఉన్నాయి. ఎడమ వైపు అద్దం, క్లచ్ లీవరు ఖరీదు నేనే ఇచ్చుకున్నాను.