రెనే, క్లేర్, షాంతాల్: పాపకు ఏ పేరు మేలు?

ఫ్రెంచ్ పేర్లు చెవికి ఇంపుగా ఉంటాయి. ఆ ఇంపులో పడి అర్థం సంగతి మర్చిపోతాం.

షాంతాల్‌నే తీసుకోండి. ఫ్రెంచ్‌లో ‘షాంతే’ అంటే పాడటం, కాబట్టి ఇది పాటకు సంబంధించిన పేరని చాలామంది అనుకుంటారు. కాదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సిటాన్ భాషలో దీని మూలపదానికి అర్థం రాయి! పైగా ఇది మొదట మనిషి పేరే కాదు, ఒక చోటి పేరు. 1572లో దిజోన్‌లో పుట్టిన ఝాన్ అనే ఆవిడ షాంతాల్ ప్రభువును పెళ్లాడింది. 1601లో వేటకెళ్లిన భర్త ప్రమాదంలో పోయాడు. చిన్నపిల్లలతో మిగిలిన ఆ మనిషి కుంగిపోలేదు. 1610లో ఆన్సీలో విజిటేషన్ సన్యాసినుల సంఘాన్ని స్థాపించింది. 1767లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె మీది భక్తితోనే షాంతాల్ ఆడపిల్లల పేరైంది. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్లున్నాయి కదా, అక్కడ ఊరి పేరు ఏకంగా సొంత పేరే అయింది. ఆ కథ తెలిశాక రాయి అన్న అర్థం నాకు మొరటుగా అనిపించలేదు. అయితే ఫ్రాన్స్‌లో ఇది ఇప్పుడు అమ్మమ్మల తరం పేరు.

క్లేర్‌తో ఏ చిక్కూ లేదు. లాటిన్ ‘క్లారా’ నుంచి వచ్చింది. వెలుగు, స్వచ్ఛత, ఖ్యాతి అన్నీ అందులో ఉన్నాయి. మన ప్రభ, తేజస్విని లాంటిదే. పలకడమూ తేలికే. కాకపోతే మరీ ఎక్కువగా వినిపించే పేరు.

నన్నడిగితే రెనే మేలు. లాటిన్ ‘రెనాటస్’ నుంచి వచ్చిన ఈ పేరుకు మళ్లీ పుట్టినవాళ్లు అని అర్థం. తొలినాటి క్రైస్తవులు బాప్తిస్మంతో కలిగే కొత్త పుట్టుకను తలచుకుని ఈ పేరు పెట్టుకునేవారు. పోయిన నాయనమ్మే మళ్లీ పుట్టిందని మనవరాలిని గుండెకు హత్తుకునే మన ఇళ్లలో ఈ అర్థాన్ని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తత్త్వవేత్త డెకార్ట్ పేరు కూడా రెనేనే. ఆడా మగా ఇద్దరికీ పలుకు ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో మాత్రం ఆడపిల్ల పేరు చివర ఇంకో ‘ఇ’ (e) చేరుతుంది. బర్త్ సర్టిఫికెట్‌లో చివరి రెండు ‘ఇ’లూ పడ్డాయో లేదో చూసుకోండి.