పాత కారు పవర్ విండో: మోటారు గట్టిదే, పేచీ అంతా స్లైడర్‌తోనే

పాత కారు డోరుకు కొత్తగా పెట్టించిన విండో మెషీన్‌లో (అద్దాన్ని లేపి దించే సెట్టు) మోటారు మీద ఫిర్యాదు లేదు. మోత పెట్టదు, అద్దాన్ని చకచకా లేపుతుంది. కోపమంతా అద్దం అడుగు అంచును పట్టుకుని రెయిలు మీద పైకీ కిందికీ నడిచే ప్లాస్టిక్ స్లైడర్ మీదే. అగ్గిపెట్టెంత ఉంటుంది. అది విరిగితే మోటారు ఎంత మంచిదైనా ఒకటే, అద్దం డోరు అడుక్కి జారి కూర్చుంటుంది. పదేళ్లు పైబడిన చిన్న కారు, డ్రైవర్ డోరు, కేబుల్ రకం విండో మెషీన్. విజయవాడ ఆటోనగర్‌లో కొన్న, కారు కంపెనీది కాని బయటి సరుకు. కంపెనీ సామానుకు చెప్పిన రేటులో సగం లోపే వచ్చింది. కొన్ని ఎండాకాలాలు, వానాకాలాలు చూశాక రాస్తున్న మాట ఇది.

అసలు మెషీన్ కొనాల్సిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఆటోనగర్‌లో అద్దం ఎక్కడం లేదని చెప్పగానే చేతికొచ్చే సమాధానం కొత్త మోటారే. తాళం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి, విండో స్విచ్ నొక్కండి. లైటు కాస్త మందగిస్తే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, అద్దమే ఎక్కడో పట్టేసిందని అర్థం. లైటులో ఏ మార్పూ లేకపోతే ఫ్యూజు, స్విచ్, లేదా డోరుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో మడతలు పడి పడి తెగిన వైరు, కాకపోతే మోటారే. మల్టీమీటర్‌లో 12 వోల్టులు కనిపించాయని మోటారు పోయినట్టే అనుకోవద్దు. స్విచ్ లోపల మాడిన కాంటాక్టు కూడా మీటరుకు 12 చూపిస్తుంది, లోడు పడగానే చతికిలబడుతుంది. మోటారు కనెక్టర్‌కు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి చూడండి. స్విచ్ రెండు వైపులా నొక్కినప్పుడూ బల్బు నిండుగా వెలిగితే స్విచ్, వైరింగ్ బాగున్నట్టే, అప్పుడు అనుమానం మోటారు మీదే. మోటారు గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తూ అద్దం కదలకపోతే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు, లోపల కేబులో స్లైడరో పోయింది.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను, చాలామందికి తెలిసిందే. బ్యాటరీ నెగటివ్ తీయడం, లోపలి హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ గుంటలో ఉన్న స్క్రూలు విప్పడం, డోరు ప్యాడ్‌ను (డోరు లోపలి వైపు అట్టను) కింది నుంచి క్లిప్పు క్లిప్పుగా లాగి చివర్లో పైకి ఎత్తి తీయడం. ఎండకు పెళుసెక్కిన క్లిప్పులు నాలుగైదు విరగడం ఖాయం, ముందే తెచ్చి పెట్టుకోండి. అద్దాన్ని డోరు ఫ్రేముకు వెడల్పాటి మాస్కింగ్ టేపుతో రెండు వైపుల నుంచీ పట్టి అతికించాకే దాని బోల్టులు వదులు చేయాలి. డోరు లోపలి రేకు అంచులు చేతుల్ని కోస్తాయి, తొడుగులు వేసుకోండి.

కొన్న కొత్తల్లో అడిగిన వాళ్లకు చెప్పిన మాట, బోల్టు హోళ్లన్నీ అచ్చం కలిశాయని. కలిశాయి. కానీ కింది బ్రాకెట్‌లో హోలు గుండ్రంగా కాకుండా సాగి ఉంటుంది, అక్కడే రెయిలు వాలు కుదరాలి. బోల్టులన్నీ చేత్తో పట్టించి, అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించి, రబ్బరులో సమంగా కూర్చున్నాక పైనుంచి కిందికి బిగిస్తూ రావాలి. ముందే బిగిస్తే అద్దం ఒక మూల ఎత్తుగా ఎక్కుతుంది. కనెక్టర్ కూడా కలిసింది, తీరా చూస్తే పైకి నొక్కితే కిందికి దిగింది. పిన్నులు రెండూ తారుమారు చేస్తే సరిపోయింది. వేగం బాగుందన్న మాటకూ ఒక షరతు ఉంది: ఇంజను నడుస్తూ 14 వోల్టుల దగ్గర ఉన్నప్పుడే. ఇంజను ఆపి, పాత బ్యాటరీ మీద లేపితే నీరసమే.

ఇక అసలు సంగతి. స్లైడర్ ఒక్కసారిగా పోలేదు. ముందు అద్దం ఎక్కేటప్పుడు ముందు మూల కాస్త వంగడం మొదలైంది. తర్వాత పైన రెండంగుళాలు ఉండగా ఒక్క క్షణం ఆగి ఎక్కేది. మే నెల మధ్యాహ్నాల్లో ఎక్కువ, పొద్దున పూట మామూలే. చివరికి గుంటూరు మిర్చి యార్డు దారిలో, ఘాటు లోపలికి రాకుండా అద్దం లేపబోతే టక్‌మని ఒక చప్పుడు, ఆపైన మోటారు ఉత్తినే తిరగడం. యార్డుకు సరుకొచ్చే రోజుల్లో ఆ దారిలో అద్దం తెరిచి వెళ్లడమంటే ఏమిటో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు.

విప్పి చూస్తే కేబుల్ చెక్కుచెదరలేదు. కేబుల్ చివర చిన్న లోహపు గుండు ఉంటుంది, అది స్లైడర్‌లోని గుంటలో కూర్చుని అద్దాన్ని లాగుతుంది. ఆ గుంట గోడ చీలి, గుండు బయటకు ఊడి వచ్చింది. పాత కంపెనీ మెషీన్ స్లైడర్‌ను పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది: దాని గుంట చుట్టూ పల్చని ఉక్కు రేకు తొడుగు ఉంది. దీంట్లో వట్టి ప్లాస్టిక్. ఎండలో ఆగిన కారు డోరు లోపల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అద్దం పైకి తగిలాక కూడా స్విచ్ వదలకుండా నొక్కి పట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. అద్దం ఆగినా మోటారు లాగడం మానదు, ఆ లాగుడంతా ఆ గుంట గోడ మీదే పడుతుంది. రోజూ కొంచెం కొంచెం తెరుచుకుని ఒక రోజు చీలుతుంది.

అయితే తప్పంతా స్లైడర్‌దే అనడం న్యాయం కాదు. అద్దం నడిచే రబ్బరు చానెల్ ఎండిపోయి, లోపలి మఖమల్ పొర అరిగిపోయి ఉంటే ఏ స్లైడరైనా ఎక్కువ కాలం నిలవదు. అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పాక పీకేసిన పాత కార్లలో ఇంకో తంటా ఉంటుంది. ఫిల్ము పోయినా దాని జిగురు అద్దం అంచున మిగిలి చానెల్‌లోకి పాకుతుంది, మధ్యాహ్నపు వేడికి అతుక్కుంటుంది. అద్దం బోల్టులు విప్పి ఉన్నప్పుడే రెండు చేతులతో అద్దాన్ని పైకీ కిందికీ నడిపి చూడండి. ఎక్కడా పట్టకుండా నడవాలి. పట్టితే స్టీలు స్కేలుకు తడి గుడ్డ చుట్టి సబ్బు నీళ్లతో చానెల్ తుడవండి, పూర్తిగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజనాయిలు, తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరు మీద వద్దు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము పేరుకుని పేస్టులా తయారవుతుంది. గ్రీజు రెయిలుకు మాత్రమే, తెల్ల లిథియం రకం, పల్చగా. చానెల్ మార్చాల్సి వస్తే మీటర్ల లెక్కన కోసి అమ్మేది తీసుకోకండి. మూల దగ్గర అచ్చు ఉండదు, మడత పడి అక్కడే అద్దం ఆగుతుంది.

స్లైడర్ ఒక్కటే మార్చవచ్చు, మెషీన్ మొత్తం పారేయక్కర్లేదు. ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో విరిగిన కంపెనీ మెషీన్లు దొరుకుతాయి, వాటి స్లైడర్ చాలాసార్లు బాగానే ఉంటుంది. సరిపోతుందో లేదో మీ స్లైడర్ తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. కేబుల్ చుట్టుకునే డ్రమ్ము మూత మాత్రం తెరవకండి. తెరిస్తే కేబుల్ స్ప్రింగులా విప్పుకుంటుంది, మళ్లీ చుట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. కేబుల్ తొడుగు చివర ఉన్న స్ప్రింగును లోపలికి నొక్కి పట్టుకుంటే కేబుల్ కాస్త వదులవుతుంది. ఆ వదులులో పాత స్లైడర్ నుంచి గుండు తప్పించి కొత్తదాంట్లో కూర్చోబెట్టాలి. ఇద్దరుంటే తేలిక, ఒక్కరైతే ప్లాస్టిక్ టై వేసి స్ప్రింగును నొక్కిన చోటే కట్టేయండి. అద్దం బోల్టులు మణికట్టు బలంతో బిగిస్తే చాలు. ఎక్కువ బిగిస్తే ఈసారి గుంట కాదు, బోల్టు దగ్గరే పగులుతుంది.

డోరు ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటును చింపి పారేసే మెకానిక్కులు ఉన్నారు. వద్దనండి. అద్దం మీద నుంచి డోరులోకి దిగిన వాన నీరు ఆ షీటు వల్లే కింది రంధ్రాల గుండా బయటకు పోతుంది. అది లేకపోతే ప్యాడ్ నాని, కారులోకి నీళ్లు దిగుతాయి.

వెనక డోర్లకు ఈ మెషీన్ చాలు, అవి రోజూ తిరిగేవి కావు. డ్రైవర్ డోరు సంగతి మీ తిరుగుడును బట్టి. గుంటూరు, విజయవాడల మధ్య హైవే మీద ఏసీ వేసుకుని తిరిగేవాళ్లకు, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక కాజ టోల్ దగ్గర అద్దం దించే పనే తగ్గింది, కారు నీడలో ఆగితే ఇది చాలాకాలం రావచ్చు. బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ సందుల్లో రోజంతా అద్దం లేపుతూ దించుతూ, కారును ఎండలో వదిలేవాళ్లకు మాత్రం ఇది కొనమని చెప్పడానికి వెనకాడతాను. ఏదేమైనా డబ్బులిచ్చే ముందు స్లైడర్‌ను తిప్పి చూడండి. గుండు కూర్చునే గుంటకు ఉక్కు రేకు ఉంటే డ్రైవర్ డోరుకు తీసుకోవచ్చు, వట్టి ప్లాస్టిక్ అయితే వెనక డోరుకో, అద్దం అరుదుగా దించే డ్రైవర్ డోరుకో మాత్రమే.