డాడ్‌గాడ్ ట్యూనింగ్: చాన్నాళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, గిటారు పట్టుకుని సినిమా పాటలకి కార్డ్‌లు కొట్టుకుంటూ పాడుకోవడమే మీ సరదా అయితే ఈ ట్యూనింగ్ జోలికి రాకండి, చిరాకు తప్ప ఏమీ మిగలదు. ఒక్కరే కూర్చుని, కింద శ్రుతి మోగుతూ ఉండగా పైన ఏదో ఒక రాగం వాయించుకోవాలని ఉంటే మాత్రం ఇంత హాయైనది నాకు ఇంకోటి దొరకలేదు. నా దగ్గరున్న రెండు గిటార్లలో పాతదాన్ని పూర్తిగా దీనికే వదిలేశాను.

మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. లావుది ఆరోది, సన్నది ఒకటోది. ఇందులో ఆరో తీగని, రెండో తీగని, ఒకటో తీగని రెండేసి ఫ్రెట్ల మేర దించితే డీ, ఏ, డీ, జీ, ఏ, డీ అవుతుంది, ఈ అక్షరాల్ని కలిపి చదివితేనే డాడ్‌గాడ్. 1960ల మొదట్లో డేవీ గ్రాహం అనే ఇంగ్లిష్ గిటారిస్టు మొరాకో వెళ్లొచ్చాక దీన్ని వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. అదంతా సరే, మనకి పనికొచ్చే సంగతి వేరే ఉంది. డీని సా అనుకుని చూడండి: సా పా సా మా పా సా. వీణలో వాయించే తీగలు నాలుగూ సా పా సా పాలే కాబట్టి వీణ తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ కనబడదు. సీని ఒకటిగా లెక్కపెడితే డీ అంటే రెండు శ్రుతి, చాలామంది మగ గొంతులకి సరిపోయేదే.

అసలు కథంతా మా పలికే ఆ మూడో తీగ దగ్గరే ఉంది. ఫ్రెట్ నొక్కకుండా ఖాళీ తీగలన్నీ ఒకేసారి మీటితే గాంధారం ఎక్కడా వినబడదు, అందుకే అది మేజర్ కాదు, మైనర్ కాదు, లెక్కప్రకారం దీన్ని ఓపెన్ ట్యూనింగ్ (ఖాళీ తీగలే ఒక మేజర్ లేదా మైనర్ కార్డ్ పలికేది) అనడం కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. గాంధారం లేకపోవడం మనకి వరమే, మైనర్‌కి సాధారణ గాంధారమైనా మేజర్‌కి అంతర గాంధారమైనా మనమే వేసుకోవచ్చు. కానీ శుద్ధ మధ్యమం మాత్రం తిష్ట వేసుకుని ఉంటుంది. చిక్కడపల్లిలో మా పిన్ని ఉంటుంది, చిన్నప్పటి నుంచీ వీణ వాయిస్తుంది. ఒకసారి ఆవిడ దగ్గర, మా అర స్వరం పైన, అంటే ప్రతి మధ్యమంగా, ఉండే కల్యాణి వాయించి చూపిస్తే రెండు నిమిషాలు కూడా కాకుండానే, "ఒరేయ్, ప్రతి మధ్యమం రాగంలో ఆ శుద్ధ మధ్యమం ఎందుకురా అలా మోగుతోంది?" అంది. "అది ఖాళీ తీగ పిన్నీ, దానంతటదే మోగుతుంది" అన్నాను. "అయితే దాన్ని దించెయ్, లేకపోతే రాగం మార్చు" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఈ ట్యూనింగ్ సగం అర్థమైంది.

ఇప్పుడు నేను చేసేది అదే. మధ్యమావతి అయితే ఏమీ కదపక్కర్లేదు, సా, మా, పా మూడూ రాగంలోవే కాబట్టి ఏ తీగ పొరపాటున తగిలినా తప్పు పలకదు, చేయి భయం లేకుండా తిరుగుతుంది. ఖరహరప్రియ కూడా అంతే. మాయామాళవగౌళ ఇంకా బాగుంటుంది: ఒకటో తీగ మీదే ఖాళీ, 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు నొక్కుకుంటూ పోతే స్థాయి మొత్తం వచ్చేస్తుంది, మిగతా తీగలు తంబురాలాగా కింద మోగుతుంటాయి. గిటారు కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా సరళీ స్వరాలు ఇలా ఒకే తీగ మీద వాయించుకోవచ్చు. మోహన, కల్యాణి, శంకరాభరణం వాయించాలనిపిస్తే మూడో తీగని అర స్వరం దించి ఎఫ్ షార్ప్‌కి తెస్తాను, అప్పుడది అంతర గాంధారం, ట్యూనింగ్ ఓపెన్ డీ అయిపోతుంది. ఒక్క కీ కొంచెం తిప్పితే చాలు. హిందోళంతో మాత్రం గొడవే, అందులో పంచమం లేదు, రెండు పా తీగల్నీ మా స్వరానికి దించాలి, అంత ఓపిక నాకు ఎప్పుడో గానీ ఉండదు.

తీగలు వదులవడం వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఒకటో తీగ మెత్తబడుతుంది కాబట్టి పక్కకి లాగితే ఒక పూర్తి స్వరం సులువుగా ఎక్కుతుంది, గమకానికి వేలు నొప్పెట్టదు. గిటారు మీద గమకం పలకదని వాదించేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. పాలకొల్లు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, మాండలిన్ శ్రీనివాస్, మాండలిన్ మీద కచేరీలు చేసి ఇన్నేళ్లయ్యాక కూడా ఆ మాటేంటో! ఇక నష్టం ఆరో తీగ దగ్గర. దాని కంపనం సెకనుకి 82 నుంచి 73కి పడిపోతుంది, బిగువు ఇరవై శాతం దాకా తగ్గుతుంది, దాంతో సన్న సెట్ వేసిన గిటారులో ఆ తీగ ఫ్రెట్లకి తగిలి జుర్రుమంటుంది. నేను మొదట వాడింది 11 సెట్ (ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో), గట్టిగా మీటినప్పుడల్లా ఆ చప్పుడే. 12 నుంచి 53 దాకా ఉండే సెట్‌కి మారాక చాలా తగ్గింది. మిగిలిన కాస్తకి ఒక షాపులో సాడిల్ మార్చాలి, ఇంకేదో మార్చాలి అని పెద్ద లిస్ట్ చదివారు. వేరే చోట మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని కొద్దిగా వదులు చేసి ఇస్తే సరిపోయింది.

శ్రుతి నిలబడటం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మూడు తీగలు దించగానే మెడ మీద బరువు తగ్గి మిగతా మూడూ కాస్త పైకి జరుగుతాయి, కాబట్టి అన్నిటినీ ఇంకోసారి చూసుకోవాల్సిందే. పైగా ఇందులో సా తీగలు మూడు, పా తీగలు రెండు. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా రెండు తీగల మధ్య ఊగులాట చెవికి వెంటనే తెలిసిపోతుంది. మామూలు ట్యూనింగ్‌లో ఇంతే తేడా ఉంటే పట్టించుకోం. హైదరాబాద్‌లో మే నెలలో కూలర్ వేసుకుని ఆ గదిలోనే గిటారు పెడితే పొద్దున ఒక శ్రుతి, రాత్రి ఒక శ్రుతి. వానలు మొదలయ్యాక చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, తీగలు ఎత్తవుతాయి. క్లిప్ ట్యూనర్ ఉన్నా నేను చెవినే నమ్ముతాను: నాలుగో తీగ 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే నాదం) మోగించి ఒకటో తీగని, ఐదో తీగ హార్మోనిక్‌తో రెండో తీగని కలుపుతాను. ఊగులాట ఆగిపోతే పని అయినట్టే.

ఇక సినిమా పాటల సంగతి. ఫ్రెండ్స్ ఇంటికొస్తే ఎవరో ఒకరు పాట మొదలుపెడతారు, అది బీ ఫ్లాట్ మైనర్‌లోనో ఉంటుంది, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే మనకి అలవాటైన బార్ కార్డ్‌లు ఒక్కటీ పని చేయవు, చరణంలో శ్రుతి మారిందంటే ఇంక గిటారు పక్కన పెట్టేయడమే. హైదరాబాద్‌లోని లామకాన్‌లాంటి సాంస్కృతిక వేదిక దగ్గర ఓపెన్ మైక్‌కి వెళ్లినప్పుడు స్టేజి మీద తీగలు దించుకుంటూ కూర్చుంటే జనం ఫోన్లు తీస్తారు. రెండో గిటారు లేనివాళ్లకి దీన్ని సిఫారసు చేయను, ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటే తీగలూ త్వరగా పాడవుతాయి.

మా అక్క అయిదు శ్రుతిలో పాడుతుంది. ఆవిడ కోసం అయిదో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) పెడితే డీ కాస్తా జీ అవుతుంది, అంటే సరిగ్గా అయిదు శ్రుతి. పాటకి బాగానే కుదురుతుంది గానీ కింద గదంతా నిండే ఆ లావు సా పోతుంది, గిటారు చిన్నదైపోయినట్టు పలుకుతుంది. అందుకే అక్క పాడేటప్పుడు ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి నేను ఒక్క తీగ మీదే వెంట వాయిస్తున్నాను.