ఫైర్ టీవీ స్టిక్ లైట్: యాప్ తెరుచుకోకపోతే ఏం చూడాలి

హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న పాత టీవీకి ఓటీటీ కావాలంటే అమెజాన్ వారి ఈ స్టిక్ చాలు. చిక్కల్లా 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్‌తోనే. ఆ 8లోనే సిస్టమ్ కూడా ఉంటుంది కాబట్టి కనిపించిన ప్రతి యాప్‌నీ వేసుకుంటే జాగా ఇట్టే నిండిపోతుంది. అప్పుడు యాప్ లోగో దగ్గరే ఆగిపోతుంది, లేదా తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతుంది. యాప్‌లు ఎక్కువ వాడే ఇంటికి 2 జీబీ ర్యామ్ ఉన్న ఫైర్ టీవీ స్టిక్ 4కే మ్యాక్స్ నయం.

ముందు రిమోట్‌లో మధ్య బటన్‌నీ ప్లే బటన్‌నీ కలిపి 5 సెకన్లు నొక్కి పట్టుకోండి, స్టిక్ రీస్టార్ట్ అవుతుంది. టీవీ ఆపేసినంత మాత్రాన స్టిక్ రీస్టార్ట్ కాదు. అయినా మొరాయిస్తే సెట్టింగ్స్, అప్లికేషన్స్, మేనేజ్ ఇన్‌స్టాల్డ్ అప్లికేషన్స్‌కి వెళ్లి ఆ యాప్‌కి ఫోర్స్ స్టాప్, ఆపైన క్లియర్ క్యాష్ (యాప్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు తీసేయడం) కొట్టండి. క్లియర్ డేటా ఆఖరి మార్గం: లాగిన్ పోతుంది, ఈ రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడం పరమ విసుగు.

అన్ని యాప్‌లూ గిర్రున తిరుగుతుంటే అనుమానించాల్సింది నెట్‌ని. రూటర్ గోడ అవతల ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై నుంచి 2.4కి మార్చండి, వేగం తగ్గినా గోడలు దాటుతుంది. డబ్బాలోనే వదిలేసే ఆ పొట్టి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ తగిలిస్తే స్టిక్ టీవీ వెనక ఇరుక్కోదు, సిగ్నలూ మెరుగవుతుంది, వేడీ తగ్గుతుంది.

యాప్ లోడయ్యేటప్పుడే స్టిక్ ఆగి మళ్లీ మొదలవుతుంటే అది చాలాసార్లు కరెంటు చాలకే. టీవీల్లోని యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది సాధారణంగా 0.5 ఆంపియర్లే, స్టిక్‌కి అది చాలకపోవచ్చు. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి.