కణాల గుంపుకు ఏ మోడల్: గళ్లా, సమీకరణమా?

రెండు రకాల జీవకణాలను కలిపి వదిలేస్తే, గట్టిగా అతుక్కునేవి లోపలికి, వదులుగా అతుక్కునేవి బయటికి చేరతాయి. 1992లో గ్రానర్, గ్లేజియర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గళ్ల మీద నడిచే పాట్స్ మోడల్‌తో కంప్యూటర్‌లో చూపించారు. ఇందులో ఒక్కో కణం కొన్ని గళ్ల గుంపు. పక్క కణాన్ని ఆనుకున్న ప్రతి అంచుకూ కొంత శక్తి ఖర్చు; అది తగ్గేలా గళ్లు చేతులు మారుతుంటాయి. కణం సాగడం, నలగడం కళ్లకు కడుతుంది. కానీ లక్షల కణాలంటే కంప్యూటర్‌కు చుక్కలే. పైగా ఇక్కడ కాలమంటే మాంటే కార్లో అడుగులు, అంటే యాదృచ్ఛికంగా గళ్లు మార్చి చూసే ప్రయత్నాల లెక్క, గంటలు కాదు. నా చిరాకంతా అక్కడే.

2006లో ఆర్మ్‌స్ట్రాంగ్, పెయింటర్, షెరాట్ ఇచ్చిన సమీకరణంలో విడి కణాలుండవు, సాంద్రతే, అంటే ఎక్కడ కణాలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదే. చుట్టూ కొంత దూరం వరకు ఉన్న కణాల లాగుడును ఇంటెగ్రల్‌గా కూడతారు. ఇదీ అదే వేర్పాటును చూపిస్తుంది. గాయం మూసుకునే వేగం లెక్కించాలంటే నా ఓటు దీనికే.