మా నాన్న గాలం కర్రకు ప్రాణం పోసిన పాలమూరు హార్మోనియం ఉస్తాద్

మహబూబ్‌నగర్‌లో హార్మోనియాలు బాగుచేసే ఒక ఉస్తాద్ ఉన్నారు. దుకాణానికి బోర్డు లేదు. భజన మండళ్ల వాళ్లు, చిరుతల రామాయణం ఆడేవాళ్లు పెట్టెలు పట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంటారు. నేను మాత్రం గాలం కర్ర పట్టుకుని వెళ్లాను.

మా నాన్న నాగార్జునసాగర్ కట్టేటప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టర్. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలాక, ఆయన పై ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ ఒక పొడుగాటి గుడ్డ సంచి నాన్న చేతిలో పెట్టారట. అందులో మూడు ముక్కలుగా విడిపోయే వెదురు ఫ్లై రాడ్ (ఉత్తుత్తి పురుగుతో చేపలు పట్టే గాలం కర్ర), దానికి అదనంగా ఇంకో కొస ఉన్నాయి. మూడు ముక్కలూ కలిపితే తొమ్మిది అడుగులు. నాన్న దానికి ఎర్రలు గుచ్చి కృష్ణలో చేపలు పట్టేవారు. ఆయన పోయాక అటక మీద, గోడకు ఏటవాలుగా ఆనించి ఉన్న సంచి దొరికింది. ఏళ్ల తరబడి అలా ఆనించడంతో మధ్య ముక్క విల్లులా వంగిపోయింది. ఒక చోట వెదురు బద్ద లేచింది. దారపు కట్లు పొడిపొడిగా రాలుతున్నాయి.

మొదట నల్లగొండలోనే ఒక ఫర్నిచర్ పాలిష్ దుకాణానికి తీసుకెళ్లాను. 1,500 ఇస్తే మొత్తం ఉప్పు కాగితంతో గీకి, కొత్త కోటింగ్ వేసి రెండు రోజుల్లో ఇస్తామన్నారు. కర్ర అక్కడ పెట్టి బయటికి వచ్చాను కూడా. ఎందుకో మనసొప్పక వెనక్కి వెళ్లి తెచ్చేసుకున్నాను. ఆ రోజు తెచ్చుకోకపోతే ఏం పోయేదో తర్వాత తెలిసింది.

ఇంట్లో కూర్చుని భూతద్దంతో చూశాను. ఇది ఒక్క వెదురు బొంగు కాదు. మూడు పలకల బద్దలు ఆరు చెక్కి, ఒకదానికొకటి అతికించి, ఆరు పలకల కర్రగా చేశారు. కొస దగ్గర అగ్గిపుల్లంత సన్నం. అక్కడ కూడా ఆరు బద్దలే. పిడికి కాస్త పైన, వార్నిష్ కింద సిరా రాత ఉంది. మసక వార్నిష్‌లోంచి కూడబలుక్కుని చదివితే 'పలకోన' అని వచ్చింది. మన పాలకొండ అనుకుని ఆశ్చర్యపోయాను. వెతికితే అది ఇంగ్లండ్‌లోని ఆనిక్ ఊరి హార్డీ బ్రదర్స్ తమ వెదురు రాడ్లకు పెట్టుకున్న ట్రేడ్ పేరు. ఆ అన్నదమ్ములు 1872లో తుపాకుల వ్యాపారంతో మొదలుపెట్టి గాలాల్లోకి వచ్చారు. ఆ సిరా రాత లేకపోతే నాకు ఇదేదీ తెలిసేది కాదు. ఉప్పు కాగితం పెడితే మొదట పోయేది అదే.

నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారి ఉస్తాద్ దగ్గరికి చేరాను. ఆయనకు ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో తెలియదు. నేను చెప్పాను: ఈకలు, బొచ్చు కట్టి చేసిన ఉత్తుత్తి పురుగే ఫ్లై, దానికి బరువుండదు, బరువంతా దారానిది, ఆ బరువుకు కర్ర వంగి తిరిగి లేస్తూ దారాన్ని ముందుకు విసురుతుంది. ఆయన విని, కర్రను చెవి దగ్గర పెట్టుకుని గోటితో మెల్లగా తట్టుకుంటూ పోయారు. ఒక చోట ఆగి, "ఈడ జిగురు వదిలింది సార్. సప్పుడు ఏరే ఉంది" అన్నారు. బద్ద లేచిన చోటుకు ఇంకో బెత్తెడు దూరం, నా కంటికి కనపడని చోటు.

లేచిన బద్ద కింద గోధుమరంగు పొరను కొంచెం తడిపి, వేళ్ల మధ్య నలిపి వాసన చూసి సరేసు అని చెప్పారు. తోలు, ఎముకలు ఉడికించి తీసే ఆ పాత జిగురు హార్మోనియం పెట్టెల్లో ఆయన జీవితమంతా చూసిందే. వేడి, తడి కలిసి తగిలితే అది కరిగి వదిలేస్తుంది. కాబట్టి వంపు తీయడానికి ఆవిరి పెట్టకూడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాడ్లకు రెసిన్ జిగురులు వాడటం పెరిగింది. సరేసు ఉందంటే నా కర్ర అంతకు ముందుది అయ్యుండాలని నేను లెక్క కట్టుకున్నాను.

గీకే సంగతి ఎత్తగానే ఆయన గొంతు మారింది. "గీకొద్దు సార్. ఎదురుకు పానం మొత్తం పైతోలు కిందనే ఉంటది." అది నిజం. వెదురులో గట్టి నారలు పైపొర కిందే దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. పైన గీకితే బలమే పోతుంది. అందుకే ఆయన పాత వార్నిష్‌ను స్పిరిట్ గుడ్డతో కొంచెం కొంచెంగా తీశారు. రాత ఉన్న నాలుగు అంగుళాలను అసలు ముట్టుకోలేదు.

వంపు తీయడానికి రోజుకు కాసేపు చొప్పున, చిమ్నీ దీపం సెగకు దూరంగా తిప్పుతూ, చేత్తో నొక్కి చల్లారేదాకా పట్టుకునేవారు. ముప్పావు వంతు పోయాక ఆపేశారు. ఇంకా వంచితే జిగురు వదులుతుందన్నారు. మిగిలిన ఆ కొద్ది వంపు ఇప్పటికీ ఉంది. దారం విసిరేటప్పుడు నాకైతే తేడా తెలియలేదు.

ముక్కలు కలిపే గొట్టాలు జర్మన్ సిల్వర్‌వి. పేరుకే సిల్వర్, ఉన్నది రాగి, నికెల్, జింకు. వాటిని మెలితిప్పకుండా నిటారుగా లాగి శుభ్రం చేశారు. పిడి బెండును సబ్బునీళ్లతో తుడిచి వదిలేశారు. నాన్న బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉంది. దాన్ని పూడ్చమంటారా అని అడిగారు. వద్దన్నాను.

కట్లకు పట్టుదారం పుట్టపాకలో తెలిసిన నేత ఇంటి నుంచి తెచ్చిచ్చాను. గాలం దారం సాగేందుకు కర్రకు బిగించే కొక్కేల కాళ్ల మీద పట్టుదారాన్ని పోగు పక్కన పోగుగా చుట్టి, చివరను చుట్ల కిందికి లాగేస్తారు. ఎక్కడా ముడి కనపడదు. ఇక్కడే పొరపాటు జరిగింది. మొదటి కట్టు మీద నేరుగా వార్నిష్ వేశారు. పట్టు దాన్ని పీల్చుకుని, ఆకుపచ్చ కాస్తా నల్లగా అయిపోయింది. మిగతా కట్లకు ముందు పలుచని పూత వేసి ఆరనిచ్చాక వార్నిష్ వేశారు, రంగు చాలావరకు నిలిచింది. నల్లబడిన కట్టు అలాగే ఉంది. కొస వార్నిష్‌లో రెండు మూడు దుమ్ము నలుసులు కూడా ఉన్నాయి. రెండు నెలలన్నది నాలుగు నెలలైంది. ఫోన్ ఎత్తరు, ఆ నాలుగు నెలలూ టెన్షన్ పడ్డాను. మొత్తం 6,500 తీసుకున్నారు. చేసిన పనికి ఇది తక్కువని నా అభిప్రాయం.

పని జరుగుతుండగా ఒకసారి ఆయన, మన నల్లమల వెదురుతో ఇలాంటిది చేయలేమా అని అడిగారు. నాకు జవాబు తెలిసి ఉండటం సంతోషమనిపించింది. తొలినాళ్లలో ఈ రాడ్లకు కలకత్తా నుంచి ఓడల్లో పోయిన మన దేశపు వెదురే వాడారు. తర్వాత టోంకిన్ వెదురు దాని చోటు తీసుకుంది. పేరు వియత్నాంది గానీ, ఆ వెదురు పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో. ఉస్తాద్ చాలాసేపు కర్రను తిప్పి చూస్తూ ఉండిపోయారు.

పోయిన నెల పానగల్ ఉదయసముద్రం కట్ట మీద, మత్స్యకారుల సంఘం వాళ్లను అడిగి, మొదటిసారి విసిరాను. నాలుగో విసురుకు దారం నీటి మీద చప్పుడు లేకుండా వాలింది. నా బొటనవేలు నాన్న గుంటలో సరిగ్గా కూర్చుంది. రెండు పరకలు పడ్డాయి, వదిలేశాను.

పాత వెదురు, చెక్క వస్తువులు ఉన్నవాళ్లు సాయంత్రం నమాజు తర్వాత వెళ్లండి, అప్పుడు తీరిగ్గా మాట్లాడతారు. తొందర ఉన్న పని ఇవ్వకండి. ఏం ముట్టుకోకూడదో ముందే చెప్పండి, ఆయన వింటారు. నా రెండో కొస ఇంకా అక్కడే ఉంది. దసరా నాటికి ఇస్తానన్నారు.