టామియా టీటీ-02 ఛాసిస్: విప్పి బిగించుకునేవారి కోసం ఒక సమీక్ష

జపాన్ మోడల్ కిట్ల కంపెనీ టామియా 2013లో విడుదల చేసిన టీటీ-02, అంతకుముందున్న టీటీ-01కి వారసుడిగా వచ్చిన 1/10 స్కేలు (అసలు కారులో పదో వంతు) రిమోట్ కంట్రోల్ రోడ్డు కారు ఛాసిస్, అంటే బాడీ కింద ఉండే చట్రం. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. మోటారు నుంచి ముందు, వెనుక డిఫరెన్షియళ్ళకు (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికలకు) ఆ శక్తిని మధ్యలో పొడవుగా సాగే షాఫ్టు చేరవేస్తుంది. ఈ ఒక్క ఛాసిస్ మీదే ఎన్నో రకాల కార్ల బాడీలు అమ్ముతుంటారు కనుక పెట్టె మీద బొమ్మ ఏదైనా లోపలి సామాను చాలావరకు ఒకటే. దీని వేగం గురించి, రేసుల్లో దీని స్థానం గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. మరమ్మతులూ మార్పులూ చేసుకోవడమే సరదాగా పెట్టుకున్నవారికి ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ నేను చూడదలచిన విషయం. ఆ లెక్కన నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ఇంత తేలిగ్గా బాగుచేసుకోగల కారు దొరకడం కష్టం, కానీ దీని కోసం అమ్మే అదనపు భాగాల్లో సగానికి పైగా కొనకుండా ఉండడమే మంచిది.

పెట్టె తెరిస్తే కారు కనిపించదు. ఫ్రేములకు అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ భాగాలు, సంచుల్లో స్క్రూలు, 540 సైజు మోటారు, రంగు వేయని పాలికార్బొనేట్ (వంగే పారదర్శక ప్లాస్టిక్) బాడీ, స్టిక్కర్లు, చిన్న ట్యూబు గ్రీజు ఉంటాయి. రిమోట్, రిసీవర్, స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు పెట్టె), బ్యాటరీ, ఛార్జరు విడిగా కొనుక్కోవాలి. ప్రతి ఫ్రేముకూ ఒక అక్షరం, ప్రతి భాగానికీ ఒక సంఖ్య ఉంటాయి. మాన్యువల్ చివరి పేజీల్లో విడిభాగాల పట్టిక ఉంటుంది. కొత్తవారు పెద్దగా పట్టించుకోని ఆ పట్టికే, నా దృష్టిలో, ఈ కిట్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువు. ఏది విరిగినా దాని సంఖ్య చూసి ఆ భాగం వరకే తెప్పించుకోవచ్చు. సొంత చేతులతో కట్టిన కారు కనుక, ఏ స్క్రూ తీస్తే ఏది ఊడుతుందో అప్పటికే తెలిసి ఉంటుంది.

స్క్రూల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సరదాలో పాడయ్యే వస్తువుల్లో అధిక భాగం ఢీకొట్టడం వల్ల కాక స్క్రూడ్రైవర్ వల్లే పాడవుతాయి. జపాన్ కంపెనీ కిట్లలో వచ్చే స్టార్ తల స్క్రూలు జేఐఎస్ అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణానికి చెందినవి. చూడటానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే ఉన్నా గాడి ఆకారంలో తేడా ఉంటుంది. ఫిలిప్స్ డ్రైవర్ ఆ గాడిలో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి తలను అరగదీస్తుంది. జేఐఎస్ మొన ఉన్న మంచి డ్రైవర్ ఒకటి కొనడం ఏ అల్యూమినియం భాగం కొనడం కన్నా ముందు చేయవలసిన ఖర్చు. ఇక ఈ స్క్రూలు ప్లాస్టిక్‌లో తమ మరను తామే కోసుకుంటూ దిగే రకం. మొదటిసారి గట్టిగా ఉంటాయి. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు నేరుగా తిప్పితే పాత మర పక్కనే కొత్త మర పడుతుంది, అలా నాలుగైదుసార్లు జరిగితే రంధ్రం పిండి అయిపోతుంది. అందుకని స్క్రూను రంధ్రంలో నిలబెట్టి ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పాలి. చిన్న టిక్‌మనే కదలికతో అది పాత మరలోకి పడ్డట్టు వేళ్ళకు తెలుస్తుంది, అప్పుడు కుడివైపు తిప్పాలి. తల ప్లాస్టిక్‌కు ఆనగానే ఆపాలి. నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) లోహంలోకి లోహం బిగించే చోటే వాడాలి. ప్లాస్టిక్‌కు తగిలితే కొన్ని రకాల ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది.

మార్పుల్లో మొట్టమొదటిది బాల్ బేరింగులు. మామూలు కిట్‌లో చక్రాల ఇరుసులు ప్లాస్టిక్ బుష్‌లలో (గుండ్లు లేని ఉంగరాల్లాంటి ముక్కల్లో) తిరుగుతాయి. దుమ్ము చేరాక బుష్ అరుగుతుంది, ఇరుసు ఊగుతుంది, ఆ ఊగిసలాట గేర్ల మీద పడుతుంది. చక్రాల దగ్గర లోపలి వ్యాసం 5, బయటి వ్యాసం 11 మిల్లీమీటర్లు ఉన్న బేరింగులు సరిపోతాయి. కారు కట్టేటప్పుడే వీటిని వేసుకోవాలి, తర్వాత వేద్దాం అనుకుంటే మొత్తం విప్పాలి. ఇందులో చర్చించడానికి ఇంకేమీ లేదు.

షాక్ అబ్జార్బర్ల విషయానికొస్తే, చాలా కిట్లలో వచ్చేవి నూనె లేని ఘర్షణ రకం. స్ప్రింగు ఉంటుంది గానీ అది పైకి లేచే వేగాన్ని అదుపుచేసేది దాదాపు ఏమీ ఉండదు. గతుకుల నేల మీద కారు ఎగిరెగిరి పడుతుంది. నూనె నింపే ప్లాస్టిక్ షాకులు వేస్తే కారు స్వభావమే మారిపోతుంది. వాటిని కట్టడం కూడా నేర్చుకోదగిన పని. సిలిండరు నిండా నూనె పోసి, పిస్టన్‌ను నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించి, బుడగలన్నీ పైకి వచ్చి పగిలేదాకా ఆగి, అప్పుడు మూత బిగించాలి. తొందరపడితే లోపల గాలి మిగిలి, రాడ్డును నొక్కినప్పుడు బుసబుసమనే చప్పుడు వస్తుంది. నాలుగు షాకులూ చేతిలో నొక్కి చూస్తే ఒకే వేగంతో కదలాలి. ఖరీదైన షాకులా కాదా అన్నదానికన్నా ఇదే ముఖ్యం.

ఇక అల్యూమినియం. దుకాణాల్లో టీటీ-02 కోసం నీలం, ఎరుపు రంగుల్లో మెరిసిపోయే లోహపు సస్పెన్షన్ ఆర్ములు (చక్రాలను ఛాసిస్‌కు కలిపే చేతులు), చక్రాల హబ్బులు, షాకులను పట్టి ఉంచే స్టేలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ విరుగుతుంది, లోహం విరగదు అనే తర్కంతో కొత్తవారు వీటివైపు మొగ్గుతారు. ఆ తర్కంలో లోపం ఏమిటంటే, కారు గోడకు తగిలినప్పుడు పుట్టిన బలం ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ప్లాస్టిక్ ఆర్ము వంగి కొంత బలాన్ని మింగుతుంది, మరీ ఎక్కువైతే విరిగి మిగతా కారును కాపాడుతుంది. ఆర్మును లోహంతో మార్చిన తర్వాత అదే దెబ్బ దాన్ని దాటి, అది బిగిసి ఉన్న చోటికి చేరుతుంది. టీటీ-02లో ఆ చోటు తొట్టి ఆకారంలో ఒకే ముక్కగా పోసిన ఛాసిస్సే. ఆర్ము మార్చడానికి కొన్ని స్క్రూలు చాలు. ఛాసిస్ మార్చాలంటే మోటారు, గేర్లు, సర్వో, రిసీవర్, షాఫ్టు అన్నీ ఊడదీసి కొత్త తొట్టిలోకి ఎక్కించాలి. పైగా వంగిన అల్యూమినియం ఆర్ము విరగదు కనుక వంగిన సంగతి కంటికి వెంటనే తెలియదు. కారు ఒక పక్కకు లాగుతుంటే రిమోట్ మీది ట్రిమ్ (చక్రాలను నేరుగా సర్దే బటను) తిప్పుకుంటూ కాలం గడుపుతాం. ఫ్యూజు కాలకూడదని దాని స్థానంలో ఇనుప తీగ కట్టినట్టుంటుంది ఈ వ్యవహారం. దెబ్బ తగిలే చోట ప్లాస్టిక్, అరిగే చోటా వేడెక్కే చోటా లోహం అన్నది నేను పాటించే సూత్రం.

ఆ సూత్రం ప్రకారం లోహం నిజంగా ఉపయోగపడే చోట్లు రెండు. ఒకటి మోటారు బిగించే ప్లేటు. అల్యూమినియం ప్లేటు మోటారు వేడిని కొంత బయటికి లాగుతుంది. రెండోది స్టీరింగ్. కిట్‌లోని స్టీరింగ్ చేతులు ప్లాస్టిక్ కీళ్ళ మీద తిరుగుతాయి కనుక, రిమోట్ చక్రం తిప్పిన తర్వాత ముందు చక్రాలు స్పందించేలోపు కొంత వదులు ఉంటుంది. బేరింగుల మీద తిరిగే స్టీరింగ్ సెట్టు వేస్తే ఆ వదులు చాలావరకు పోతుంది. అయితే అంతకన్నా ముందు చూడవలసింది సర్వో సేవర్. చక్రం దేనికైనా తగిలినప్పుడు సర్వో గేర్లు విరగకుండా మధ్యలో ఒదిగే భాగం అది; బలమైన సర్వో పెట్టి మెత్తని సేవర్ ఉంచితే ఆ బలమంతా సేవర్ వంగడంలోనే పోతుంది. సర్వో ఇరుసు పళ్ళు 25 ఉండే రకాలూ 23 ఉండే రకాలూ ఉన్నాయి కనుక సరిపోయే అడాప్టరు చూసి వేయాలి. సర్వోకు కరెంటు ఇచ్చి, ట్రిమ్ సున్నాకు తెచ్చి, అది మధ్యకు వచ్చాకే సేవర్ బిగించాలి.

గేర్ల దగ్గర టీటీ-02 మంచి మార్కులు కొట్టేస్తుంది. కిట్‌లో 22 పళ్ళ పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు), అది తిప్పే 70 పళ్ళ స్పర్ గేరు వస్తాయి, 70ని 22తో భాగించి లోపలి గేర్ల 2.6 నిష్పత్తితో గుణిస్తే మొత్తం దాదాపు 8.27 అవుతుంది. అంటే మోటారు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. పినియన్ పళ్ళు పెంచితే వేగం పెరుగుతుంది, కానీ మోటారు మీద భారమూ అది లాగే కరెంటూ పెరుగుతాయి. ఒక్కో పన్ను పెంచి, కాసేపు నడిపి, మోటారు మీద వేలు పెట్టి చూడాలి. వేలు నిలవనంత వేడి ఉంటే ఒక మెట్టు దిగాలి. అతి వేడికి లోపలి అయస్కాంతాలు బలహీనపడతాయి, ఆ బలం తిరిగి రాదు. పినియన్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూ మోటారు ఇరుసు మీది చదును భాగానికి సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి, లేకపోతే నడుస్తున్నప్పుడు జారి స్పర్ గేరు పళ్ళు కొరికేస్తుంది. 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ నుంచి 7.4 వోల్టుల లిథియం పాలిమర్‌కు మారేవారు తమ స్పీడ్ కంట్రోలర్‌కు (మోటారుకు వెళ్ళే కరెంటును అదుపుచేసే పరికరానికి) తక్కువ వోల్టేజీ దగ్గర ఆపే ఏర్పాటు ఉందో లేదో ముందు చూసుకోవాలి. లోపలి ఒక్కో సెల్లు 3 వోల్టుల కిందికి పడితే బ్యాటరీ పాడవుతుంది.

బాడీ పని వేరే లోకం. పాలికార్బొనేట్‌కు రంగు లోపలివైపు నుంచి వేస్తారు, అందువల్ల క్రమం తలకిందులవుతుంది: బయటికి ముందుగా కనిపించవలసిన రంగు ముందు, దాని వెనుక పొర తర్వాత. ముదురు రంగు ముందు వేసి, తర్వాత లేత రంగు, చివర తెలుపో వెండి రంగో వెనుక పొరగా వేస్తే రంగు నిండుగా నిలుస్తుంది. పాలికార్బొనేట్ కోసం చేసిన రంగే వాడాలి. టామియాలోనే పీఎస్ రకం దీనికి, టీఎస్ రకం గట్టి ప్లాస్టిక్ నమూనాలకు. రంగు వేసే ముందు లోపలి భాగాన్ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టకపోతే ఎక్కడో ఒకచోట పెచ్చులు లేస్తాయి. బయటి రక్షణ పొరను అన్నీ అయ్యాకే తీయాలి.

ఎంత జాగ్రత్తగా వేసినా బాడీ చక్రాల అంచుల దగ్గర చీలుతుంది. చీలిక చివర చిన్న రంధ్రం వేస్తే అది అక్కడితో ఆగుతుంది. తర్వాత లోపలివైపు గోడల అతుకులకు వాడే ఫైబర్ వల టేపు అంటించి, దాని మీద బూట్లు అతికించే సాగే జిగురు పలుచగా పూసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. వెంటనే అంటుకునే సూపర్ గ్లూ ఇక్కడ పనికిరాదు. అది గట్టిగా ఆరుతుంది, బాడీ వంగినప్పుడు పక్కనే కొత్త చీలిక పుడుతుంది. దాన్ని టైర్లు రిమ్ములకు అతికించడానికి దాచుకోండి. కొత్త బాడీకి ముందే లోపల ఈ వల వేసి ఉంచడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చవకైన మెరుగుదల, చూసేవారికి కనపడకపోయినా.

ఈ కిట్ అందరికీ సరిపోదు. మామూలు టీటీ-02లో పై ఆర్ములు నిర్ణీత పొడవులో ఉంటాయి కనుక చక్రాల వాలు కోణం మార్చుకునే వీలు లేదు. కోణాలతో కుస్తీ పట్టడమే ఇష్టమైనవారు మొదటే టీటీ-02లో ఆ కోణాలు మార్చుకునే వీలున్న టైప్-ఎస్ రకం తీసుకోవడం మేలు. మామూలు కిట్ కొని ఒక్కొక్క భాగంగా దాన్ని టైప్-ఎస్‌గా మార్చబోతే ఖర్చు ఎక్కువవుతుంది, పైగా రెండింటి సస్పెన్షన్ భాగాలు ఒకటి కాదు. విడిభాగం తెప్పించేముందు పెట్టె మీది పేరుతో సరిపెట్టుకోకుండా మాన్యువల్ పట్టికలోని సంఖ్యతో పోల్చి చూసుకోవాలి.